సీసా అడుగున నీళ్లు

పోయిన వారం మనం హలీమాబీని నిద్రలేకుండా వదిలేసి వచ్చాం. కారణం తెలిసిందే. ఎర్రగట్టుపల్లిలో గాలిదుమారం లేచి కరెంటు పోయింది. బక్కయ్య భార్య సుభద్రమ్మ ఊపిరి ఆక్సిజన్ మిషను మీద నడుస్తోంది. కరెంటు పోతే ఉంటుందని ఆ ఇంట్లో చిన్న పెట్రోలు జనరేటర్ కొని పెట్టుకున్నారు. ఆ సాయంత్రం కొడుకు సుదర్శన్ ఎంత తాడు గుంజినా అది దగ్గి దగ్గి ఆగిపోయింది. సుభద్రమ్మ పెదవులు నల్లబడ్డాయి. ఆటోలో వేసుకొని వనపర్తి దవాఖానకు ఉరికితే ప్రాణం దక్కింది. తర్వాత బక్కయ్య జనరేటర్ ట్యాంకులోని పెట్రోలును గాజుసీసాలోకి వంపి చూశాడు. పైన పెట్రోలు, అడుగున నీళ్లు, మధ్యలో గీత గీసినట్టు స్పష్టంగా కనిపించాయి. ఆ పెట్రోలు కొన్నది చోటే మియా దుకాణంలో. చోటే మియా చనిపోయి చాలా ఏళ్లయింది. ఊరు ఇంకా ఆ పేరుతోనే పిలుస్తున్నా దుకాణం నడిపేది ఆయన భార్య హలీమాబీ. పెట్రోల్లో నీళ్లు కలిపి తన ఇంటిదాని ప్రాణం మీదికి తెచ్చిందని బక్కయ్య నలుగురిలో అన్నాడు. పొద్దున దుకాణం ముందే తేల్చుకుంటానన్నాడు.

ఆ పొద్దు వచ్చింది.

హలీమాబీ అందరికన్నా ముందే దుకాణం తలుపులు తీసింది. సబ్బుల అట్టపెట్టెలు పక్కకు జరిపింది. మళ్లీ ఉన్నచోటికే జరిపింది. ఊడ్చిన చోటే ఊడ్చింది. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎటు పోవాలో తోచలేదు. టీ పెట్టుకొని తాగడం మరిచిపోయింది. చల్లారిన టీ బయట పారబోసి మళ్లీ పెట్టింది, దాన్నీ మరిచిపోయింది.

తప్పు చేయనివాళ్లకు భయమెందుకని చాలామంది తేలిగ్గా అనేస్తారు. అనేవాళ్లలో ఒక్కరైనా పల్లెలో కిరాణా దుకాణం నడిపి చూశారా అని నా అనుమానం. ఉప్పు, పప్పు పక్కనున్న పెద్దమందడిలోనూ దొరుకుతాయి. పెట్రోలు అక్కడి బంకులోనే దొరుకుతుంది, హలీమాబీ తెచ్చేదీ అక్కడినుంచే. అయినా ఊరివాళ్లు ఆమె దగ్గర కొంటున్నారంటే ఒక్కటే కారణం, ఆమె చేతి మీద నమ్మకం. పెట్రోల్లో నీళ్లు కలిపిందన్న మాట ఒక్కసారి నిలబడిందా, రేపు కారంలో ఇటుకపొడి వెతుకుతారు, ఎల్లుండి నూనె వాసన చూస్తారు. ఆ తర్వాత దుకాణం మూయమని ఎవరూ చెప్పనక్కరలేదు. మొగుడు పోయిన ఆడమనిషికి ఆ ఊళ్లో మిగిలింది ఈ రేకుల గది, అందులోని మంచిపేరు. రెండూ ఆమెకు కావాలి.

బక్కయ్య వచ్చాడు. వెనక సుదర్శన్, ఆ వెనక సగం ఊరు. బక్కయ్య కేకలు వేసే మనిషి కాదు. నిదానంగా మాట్లాడతాడు, అన్నమాట మాత్రం మార్చడు. అలాంటివాళ్ల కోపం అంటేనే ఊరికి ఎక్కువ భయం. ఆయన సీసాను తెచ్చి బిస్కెట్ల డబ్బాల పక్కన పెట్టాడు.

"చూడు హలీమాబీ. ఇది నీ పెట్రోలే గదా?"

"నా పెట్రోలే అన్నా. నీళ్లు మాత్రం నావి గావు."

"మరి నీళ్లు ఆకాశం నుంచి పడ్డయా?"

ఆ మాటకు ఎవరో నవ్వారు. ఒకరు మొదలుపెడితే చాలు, తక్కినవాళ్లకు తమ బాధలు గుర్తొచ్చాయి.

"నా బండి గూడ గిట్లనే సతాయిస్తుంది. గడ్డమీద ఆగుతది, గుంతల ఆగుతది," అన్నాడు ఎల్లయ్య. ఎల్లయ్య మోపెడ్ సంగతి ఊరందరికీ తెలుసు. అది వాన పడ్డా ఆగుతుంది, ఎండ కాసినా ఆగుతుంది. దానికి పెట్రోలు కన్నా దేవుడి దయ ఎక్కువ కావాలి. కానీ ఈ పొద్దు ఆ నేరం కూడా హలీమాబీ ఖాతాలోనే పడింది.

"మా మందుగొట్టే మిషన్ మిర్గం కార్తెకు బయటికి తీసినం. ఎంత గుంజినా లేస్తలేదు," అంది రజిత. ఆమె మొగుడు ఆ మిషనును వీపుకు వేసుకొని కూరగాయల తోటకు మందు కొడతాడు. "లోపల రబ్బరు మెత్తబడి ఉబ్బిందంట. గది గూడ ఈ పెట్రోలు పోసుకోబట్టే."

గడ్డి కోసే మిషను ఉన్నవాడొకడు అది కూడా ఆగిందన్నాడు. పాతవన్నీ ఆగిపోయాయి. కొత్త బండ్లవాళ్లకు ఏ కష్టమూ రాలేదు, అయినా వాళ్లూ తలలు ఊపారు. పదిమంది ఊపుతుంటే ఊపకుండా ఉండటం ఎవరివల్లా కాదు.

హలీమాబీ ఇక ఆగలేకపోయింది. లోపలికి పోయి బిగించిన మూతతో ఉన్న తన డబ్బాను ఈడ్చుకొచ్చింది. అందరి ముందు మూత తిప్పి, ఖాళీ గాజుగ్లాసులో పెట్రోలు పోసింది. అది నిర్మలంగా, పైనుంచి కిందిదాకా ఒకే రంగులో నిలబడింది.

"చూడుండ్రి. కండ్లున్నోళ్లందరు చూడుండ్రి. నేను తెచ్చింది రెండు దినాలు గూడ నిలువదు, అమ్ముడువోతది. నీళ్లు గలిపేదాన్నే అయితే దీంట్ల ఎందుకు గలపలే?"

"ఇయ్యాల మేమొస్తమని ఎర్కనే గదా నీకు," అన్నాడు సుదర్శన్. దవాఖాన వరండాలో గడిపిన రాత్రి అతని కళ్లలో కనిపిస్తోంది. "మా అమ్మకు పోసిన దాంట్లేమున్నదో గది జెప్పు హలీమమ్మా. ఇయ్యాల్టి దాని ముచ్చట నాకొద్దు."

అతణ్ణి చిన్నప్పటినుంచీ చూసింది హలీమాబీ. పిప్పరమెంట్లకు చెయ్యి చాపిన పిల్లవాడు ఇలా అడగడం ఆమెకు చాలా బాధ కలిగించింది. ఆ పెట్రోలు ఎప్పుడో పోయిన నెలలో అమ్మింది. అప్పుడది ఎలా ఉందో ఇప్పుడు ఎలా చూపించాలి?

సరిగ్గా అప్పుడు ముజీబ్ బండి వచ్చి ఆగింది. ముజీబ్ హలీమాబీ తమ్ముడి కొడుకు. వనపర్తిలో పంపులు, స్ప్రేయర్లు బాగుచేస్తాడు. చెయ్యి ఎంత నడుస్తుందో నోరు అంతకన్నా ఎక్కువ నడుస్తుంది. మేనత్త ఫోను చేసిందే ఆలస్యం, ఉన్నపళంగా బయల్దేరాడు. వచ్చీ రాగానే సీసాను ఎత్తి వెలుతురులో పట్టుకొని, గెలిచినట్టు నవ్వాడు. ఆ నవ్వే ముందు బక్కయ్యకు నచ్చలేదు.

"ఫుప్పూ, నువ్వు జర కూసో. పరేషాన్ గాకు. నేను చూపిస్త వీళ్లకు," అన్నాడు. జనం వైపు తిరిగాడు. "ఇప్పుడొచ్చే పెట్రోల్ల ఐదో వంతు ఇథనాల్ ఉంటది. అంటే స్పిరిట్. చెరుకుతోని, నూకలతోని జేస్తరు. బంకుకొచ్చేటప్పుడే గలిసొస్తది. దానికి నీళ్లంటే పానం. జరంత తడి తగిల్తే చాలు, పెట్రోలును ఇడిసిపెట్టి నీళ్లతోని గలుస్తది. గలిసి అడుక్కు దిగుతది. చూడుండ్రి తమాషా."

ఖాళీ నీళ్లబాటిల్లో హలీమాబీ పెట్రోలు పోశాడు. అందులో ఒక్క మూతెడు నీళ్లు పోసి, మూత బిగించి, గట్టిగా ఊపి, బల్ల మీద పెట్టాడు. జనం మెడలు సాచారు. కాసేపు బాటిలంతా మసకగా ఉంది. తర్వాత మెల్లగా తేరుకుంది. పైన పెట్రోలు, అడుగున నీళ్లు. అచ్చం బక్కయ్య సీసాలో ఉన్నట్టే.

"నేను పోసింది మూతెడు. అడుగున ఎంతున్నది? రెండు మూతలకెక్కువే. ఎక్కడ్నుంచొచ్చింది మిగిలింది? స్పిరిట్ దిగొచ్చింది. అర్థమైందా?"

ముజీబ్ చెప్పింది నిజమే. ఆ నిజం వాళ్లకు అర్థమైన తీరు మాత్రం వేరు.

"అర్థమైంది," అన్నాడు ఎల్లయ్య నిదానంగా. "నీళ్లు పోస్తే గిట్లయితదన్నట్టు. అంటే దీంట్ల నీళ్లు పోసినట్టే గదా?"

జనం గొల్లున నవ్వారు. ముజీబ్ ముఖంలో నవ్వు పోయింది. "అట్ల గాదు... జరంత తడి ఎట్లన్న తగలొచ్చు... మూత తీసి పెట్టినా..." అని ఏదో చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. మేనత్తను కాపాడదామని వచ్చినవాడు ఊరి వాదనకే సాక్ష్యం చూపించాడు. హలీమాబీకి వాణ్ణి చెవి పట్టుకొని లోపలికి ఈడ్చుకుపోవాలనిపించింది. కానీ వాడు చెప్పిన మాటల్లో ఒకటి ఆమె మనసుకు పట్టుకుంది. జరంత తడి చాలు. తన డబ్బాలో తడి లేదు. మరి తడి ఎక్కడ తగిలింది?

"బక్కయ్యన్నా," అంది. "నేనమ్మిన తెల్లారే నువ్వు జనరేటర్ల పోసినవా?"

"లేదు. డబ్బాల ఉండె. కరెంటు వోతెనే గదా పోసేది."

"ఆ డబ్బా యాడ వెట్టిండ్రు? నాకు చూపియి. నా దుకాణం అందరు చూసిండ్రు. నీ ఇల్లు నేను గూడ చూడాలె గదా."

జనంలో గుసగుసలు బయల్దేరాయి. బక్కయ్య ఇంటిని వెతుకుతానన్నవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు. బక్కయ్య సీసా తీసుకొని కండువాతో తుడిచి చంకలో పెట్టుకున్నాడు.

"మంచిది. పోదాం," అన్నాడు. "కని ఒక్క మాట ఇందరి ముందట జెప్తున్న. నీళ్లు నీ దుకాణం నుంచి ఒచ్చినయని తేలితే, నువ్వు మల్ల తలుపు తెరువొద్దు. నా ఇంట్లనే ఒచ్చినయని తేలితే, తెచ్చినోళ్లెవరన్న గానీ, నా గడప ఇడిసి పోవాలె. ఇగ నేను మల్ల మాట్లాడ."

సుదర్శన్ తండ్రి వైపు ఒకసారి చూశాడు.

హలీమాబీ బక్కయ్య వెనకే నడిచింది. గాలి మళ్లీ లేచింది. దుమ్ము కళ్లలో పడుతోంది. తీగలు ఊగుతున్నాయి, ఎక్కడో కరెంటు పోయి వచ్చింది. దుకాణానికి తాళం వేశానా లేదా అని వెనక్కి తిరిగి చూసింది. వేయలేదు. వేయకపోయినా ఈ పొద్దు అక్కడ కొనేవాళ్లు లేరు, దొంగలు కూడా ఇటే వచ్చి ఉంటారు.

బక్కయ్య ఇంటి వాకిట్లో అందరూ ఆగిపోయారు. జనరేటర్ వసారాలో నేరం చేసినదానిలా ఓ మూలకు ముడుచుకొని ఉంది. వంటింటి గుమ్మంలో కోడలు పద్మజ నిలబడి ఉంది. అత్తగారిని దవాఖానలో ఆడబిడ్డ చూసుకుంటోంది, ఈమె ఇంటిదగ్గర ఉంది. హలీమాబీని చూడగానే పద్మజ చెయ్యి గుమ్మాన్ని గట్టిగా పట్టుకుంది. సుభద్రమ్మను చూడటానికి వచ్చినప్పుడల్లా హలీమాబీ ఆ వంటింట్లోనే కూర్చొని టీ తాగేది. దారి అడగకుండా లోపలికి నడిచింది.

"డబ్బా యాడుండె పద్మజా?"

"పశువుల కొట్టంల."

"ముందుగాల్నుంచి ఆడ్నేనా?"

పద్మజ చూపు మూలకు పోయి వచ్చింది. హలీమాబీ చుట్టూ చూసింది. పొయ్యి, గిన్నెల బల్ల, మూలన నీళ్లకుండలు. పాలమూరు ఎండలకు ఇక్కడివాళ్లు కుండల కింద ఇసుక పోసి, దాన్ని ఎప్పుడూ తడిగా ఉంచుతారు. ఇంట్లో అన్నిటికన్నా చల్లని చోటు అదే. పెరుగు చెడిపోకూడదన్నా, ఆకుకూర వాడిపోకూడదన్నా అక్కడే పెడతారు. ఆ ఇసుకలో, రెండు కుండల నడుమ, నలుపలకల గుంట ఒకటి ఉంది. కుండ అడుగు అలా ఉండదు. హలీమాబీ వంగి ఆ గుంటలో చెయ్యి పెట్టింది. చల్లగా తడి తగిలింది.

"ఈడ ఉండె గదా?"

"ఆ..." అంది పద్మజ, వినపడీ వినపడకుండా.

"మూత?"

"పగిలింది. తడిగుడ్డ కుక్కిన మూతికి. ఎండకు ఆవిరై పోవద్దని."

ఆ క్షణంలో హలీమాబీకి కలిగింది సంతోషమే. దాచి లాభం లేదు. గుండెల మీదినుంచి బండ దిగిపోయింది. దొరికింది తడి! ఇసుకలోనే ఉంది, గుడ్డలోనే ఉంది, తన దుకాణంలో లేదు. గుడ్డలోని నీళ్లు బొట్టుబొట్టుగా పెట్రోల్లోకి దిగాయి, ముజీబ్ చెప్పినట్టే స్పిరిట్ వాటిని పట్టుకొని అడుక్కు చేరింది. ఇప్పుడే బయటికి పోయి అందరినీ పిలిచి ఈ గుంట చూపించాలి. ఆమె గిరుక్కున తిరిగింది. తిరుగుతూనే కోపం ముంచుకొచ్చింది.

"నా పేరు బజార్ల వడి పొర్లుతుంటే నోరు మూసుకొని ఎట్లున్నవే నువ్వు? తీసుకపోయి కొట్టంల దాస్తవా?"

"నాకు జెప్పింది నువ్వే గదా హలీమమ్మా," అంది పద్మజ. ఆమె ఎదురు తిరగలేదు, నెపం వేయలేదు. ఉన్నమాట అన్నది. "పెట్రోలు పోసిచ్చేటప్పుడల్లా జెప్తవ్. 'బిడ్డా, ఎండకు వెట్టకు, ఎగిరిపోతది. కుండల కాడ సల్లగ వెట్టి తడిగుడ్డ కట్టు.' గిట్లనే అంటవ్. నాకే గాదు, అందరికి జెప్తవ్. నేనెన్నడన్న నీ మాట దాటిన్నా?"

హలీమాబీ నిలబడ్డచోటే నిలబడిపోయింది.

అవును. తనే చెప్తుంది. చిల్లర తిరిగి ఇచ్చినంత అలవాటుగా, ఎవరికి ఇచ్చినా చెప్తుంది, చెప్పానని తనకే గుర్తుండదు. ఆ మాట చోటే మియాది. ఆయన రోజుల్లో పెట్రోలు కొన్నవాళ్లు ఎండలో పడేసి, సగం ఎగిరిపోయాక వచ్చి కొలత తక్కువని పోట్లాడేవాళ్లు. ఆ పోట్లాటలు పడలేక ఆయన ఈ ఉపాయం చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటి పెట్రోలుకు అది పనికొచ్చింది. ఏ రెండు బొట్లో లోపలికి దిగినా అడుగున ఒక మూల పడి ఉండేవి, ఎవరికీ అడ్డం రాలేదు. ఆయన పోయాడు. పెట్రోలు మారింది. ఆ మాటను మాత్రం ఆమె మార్చకుండా పంచుతూ వచ్చింది. పైగా మొగుడి మాట నిలబెడుతున్నానని లోలోపల మురిసిపోయేది కూడా.

నేను ఒక్క చుక్క నీళ్లు కలపలేదని పొద్దుటినుంచి గొంతు చించుకుంది. అదీ నిజమే. ఊరందరి డబ్బాల్లో నీళ్లు పోయించింది తనే. ఇదీ నిజమే.

"పోయి జెప్తవా?" అంది పద్మజ. ఇప్పుడు ఏడుస్తోంది. "గుడ్డ ముచ్చట జెప్పకు హలీమమ్మా. నీ కాళ్లు మొక్కుత."

"ఎందుకే? తెల్వక జేసినవ్. నన్నంటరు, నిన్నెందుకంటరు?"

"నీకు తెల్వదు. ఆ దినం పొద్దుగాల అత్తతోని కొట్లాట వెట్టుకున్న. పగలు రాత్రి ఆ మిషన్ సప్పుడు. నిద్ర లేదు నాకు. 'ఇది బందయితనన్న బాగుండు, నా పానం సుకపడుతుండె' అన్న. కోపంల అన్న. ఆయన ఇన్నడు. మామ గూడ ఇన్నడు. పొద్దుగూకితే నిజంగనే బందాయె." ఆమె కొంగుతో నోరు అదుముకుంది. "ఇంకోటి గూడ ఉన్నది. గుడ్డ ఎండిపోతే రోజు తడిపి పెడత. ఆ దినం కొట్లాట అయినంక తడిపిన. ఏడ్సుకుంట తడిపిన. పిండలే. నీళ్లు కార్కుంట ఉంటే గట్లనే కుక్కిన. గిది దెలిస్తే కావాల్ననే జేసిన అంటరు. నేనెవరికి జెప్పుకోవాలె?"

హలీమాబీ ఆమె ముఖంలోకి చూసింది. కావాలని చేసిందా? లేదు. అత్తకు స్నానం చేయించి, తల దువ్వి, గంజి తాగించే ఈ పిల్లను ఆమె కళ్లారా చూసింది. విసుగు ఎవరికి రాదు? విసుగులో అన్న మాటకు శిక్ష వేస్తే ఊళ్లో ఒక్క కోడలూ, ఆ మాటకొస్తే ఒక్క అత్తా మిగలదు. కానీ బక్కయ్య గడప మాట అనేశాడు. అన్నాక మార్చడు.

నోరు మూసుకుంటే పద్మజ బతుకుతుంది, దుకాణం పోతుంది. గుంట ఒక్కటే చూపిస్తే దుకాణం నిలుస్తుంది, ఈ పిల్ల పుట్టింటి బస్సు ఎక్కుతుంది. మొత్తం చెప్తే ఏమవుతుందో అల్లాకే తెలియాలి. హలీమాబీ గుమ్మం దాకా నడిచింది, మళ్లీ కుండల దగ్గరికి వచ్చింది, మళ్లీ నడిచింది. బయట జనం ఓపిక నశించి ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నారు.

ఇంతలో పశువుల కొట్టం వైపునుంచి సుదర్శన్ గొంతు వినిపించింది. "నాయినా, ఇగో డబ్బా!"

హలీమాబీ గబగబా వాకిట్లోకి వచ్చింది. సుదర్శన్ చేతిలో తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంది. అడుగున ఇసుక అంటుకుని ఉంది. మూతిలో గుడ్డ ఇంకా కుక్కే ఉంది. అతను దాన్ని లాగి పిండాడు. ఎండకు దూరంగా కొట్టంలో ఉండటంవల్ల అది ఇంకా పూర్తిగా ఆరలేదు. రెండు బొట్లు అతని వేళ్ల మధ్యనుంచి కింద పడ్డాయి.

"ఇది ఎవరు వెట్టిండ్రు?" అన్నాడు సుదర్శన్. అడిగినట్టు లేదు, జవాబు తెలిసినట్టే ఉంది.

పద్మజ గుమ్మం దాటి బయటికి రాబోయింది. హలీమాబీ ఆమెకు అడ్డంగా నిలబడింది. ఇంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. నన్నడిగితే అది ధైర్యం కాదు, పొద్దుటినుంచి గిరగిరా తిరిగిన తల ఇక ఆలోచించడం మానుకుంది.

"వెట్టుమన్నది నేను," అంది.

ముజీబ్ అదిరిపడ్డాడు. "ఫుప్పూ! చుప్..."

"నువ్వే చుప్ ఉండు." ఆమె జనం వైపు తిరిగింది. "ఆ పిల్లకు నేనే జెప్పిన. తడిగుడ్డ కట్టుమని, కుండల కాడ వెట్టుమని. మా ఇంటాయన జెప్పేటోడు, నేను గూడ జెప్పిన. అప్పటి పెట్రోలుకు ఏం గాకపోయె. ఇప్పటి దానికి తడి పడదంట, నాకు తెల్వలే. నీళ్లు నేను గలపలే. గలిసేటట్టు జేసింది మాత్రం నా నోరే. సుభద్రక్కకు గట్లయిందంటే నా పాపమే గది. ఎల్లన్నా, నీకు జెప్పిన్నా లేదా? రజితా, నీకు జెప్పిన్నా లేదా?"

రజిత తల వంచుకుంది. ఎల్లయ్య గొంతు సవరించుకున్నాడు. "జెప్పినవ్," అన్నాడు. "మా ఇంట్ల గూడ కుండల కాడ్నే ఉన్నది. గుడ్డతోనే ఉన్నది." గడ్డి మిషను వాడు ఎవరికీ చెప్పకుండా ఇంటివైపు జారుకున్నాడు. మరో ఇద్దరు కూడా కదిలారు. ఎవరింటి కుండల దగ్గర ఏముందో వాళ్లకు గుర్తొచ్చింది. ఇప్పుడు హలీమాబీని అనాలంటే ముందు తమ ఇంట్లోవాళ్లను అనాలి. ఊరు ఇలాంటి చోట చాలా మర్యాదగా మౌనం పాటిస్తుంది.

హలీమాబీకి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. పోతే పోనీ దుకాణం. అబద్ధం మీద నిలబడే దుకాణం కన్నా ఇదే నయం అనుకుంది. నిజంగానే అనుకుంది.

బక్కయ్య అందరి తర్వాత నోరు విప్పాడు. చంకలోని సీసాను తీసి అరుగు మీద పెట్టాడు.

"నీ మాట ఇన్న హలీమాబీ," అన్నాడు. "నీళ్లు నీ దుకాణంల గలువలే. గలిపినవన్నది నా తప్పు. నీ దుకాణం నువ్వు తెరుసుకో."

జనంలో ఎవరో ఊపిరి వదిలారు. ముజీబ్ మేనత్త భుజం పట్టుకున్నాడు. అంతా అయిపోయిందనుకుంది హలీమాబీ. చేతులు జోడించబోయింది కూడా.

"కని ఇంకో మాట గూడ అన్న నేను," అన్నాడు బక్కయ్య. "గది గూడ అందరిన్నరు."

సుదర్శన్ డబ్బాను కింద పెట్టి రెండడుగులు ముందుకు వచ్చాడు. భార్య వైపు చూడలేదు. చూడలేకపోయాడు. హలీమాబీ ఎదుట నిలబడ్డాడు. అతని గొంతులో ఇప్పుడు కోపం లేదు, భయం ఉంది. తనకు వినాలని లేనిది అడుగుతున్న మనిషి భయం అది.

"హలీమమ్మా. పొద్దుగాల నిన్ను నమ్మలే, తప్పయింది. ఇందరి ముందట నీ మీదికే తెచ్చుకొని ఉన్నదున్నట్టు జెప్పినవ్. ఇగ నువ్వేం జెప్పినా నమ్ముత, మా నాయిన గూడ నమ్ముతడు. లోపల ఇంతసేపు మాట్లాడిండ్రు గదా మీరిద్దరు. జర నిజం జెప్పు. ఆ దినం ఈ గుడ్డ తడిపి వెట్టింది మా అమ్మతోని కొట్లాడక ముందా, కొట్లాడినంకనా?"